ఏమీ కాని బొమ్మ

కాలువగట్ల సంరక్షణ శాఖ డైరెక్టరు గారు శిక్షణ కోసం విదేశం వెళ్ళి వచ్చారని తెలియగానే సీనియర్ గుమాస్తా గొల్లకోటి త్రిమూర్తులికి ఎడమకన్ను అదిరింది. పెద్దవాళ్ళు ఊరికే వెళ్ళి ఊరికే రారు. వెనకటి డైరెక్టరు ఇలాగే ఎక్కడికో వెళ్ళొచ్చి, నిలబడి పనిచేస్తే బుర్ర చురుగ్గా ఉంటుందని ఆఫీసులో కుర్చీలన్నీ తీయించేశాడు. బుర్ర మాట దేవుడెరుగు, హెడ్ గుమాస్తాకి కాళ్ళు వాచాక గాని కుర్చీలు తిరిగి రాలేదు. ఈసారి ఏం మూడుతుందో అనుకుంటూ త్రిమూర్తులు బిక్కుబిక్కుమంటూ కూర్చున్నాడు.

మూడనే మూడింది. సోమవారం పొద్దున్నే సర్క్యులర్ వచ్చింది.

"ఇందుమూలముగా తెలియజేయునది ఏమనగా, శాఖా క్వార్టర్లయందు నివసించు ఉద్యోగులు యావన్మందియు తమ ముందుగది గోడకు జానెడుకు మించని నైరూప్య చిత్రమొకటి వ్రేలాడదీయవలెను. సదరు చిత్రము లోకమునందలి ఏ వస్తువును గాని, ప్రాణిని గాని, వ్యక్తిని గాని పోలియుండరాదు. రూపము గల బొమ్మలు ఉద్యోగి మనస్సునందు ఆలోచనలు రేకెత్తించి కార్యదక్షతకు భంగము కలిగించుచున్నట్లు నిపుణులు నిర్ధారించియున్నారు."

కాలువ లాకు దగ్గర గట్టు జారిపోతోంది మహాప్రభో అని కింద నుంచి వెళ్ళిన కాగితం ఒకటి అప్పటికి చాలాకాలంగా బల్లల మీద విశ్రాంతి తీసుకుంటోంది. దానికేం తొందర? అది గట్టు సంగతి. ఇది గోడ సంగతి.

మరో శాఖలో అయితే ఇదేమంత కష్టం కాదు. గోడకి ఇంకో మేకు కొట్టి బొమ్మ తగిలించేసి ఎవరి పని వాళ్ళు చూసుకుంటారు. కాని ఈ శాఖ క్వార్టర్లలో ముందుగదికి ఒకటే మేకు. ఎప్పుడో ఎవరో మేకు కొడుతుంటే గోడ అవతల పెచ్చు ఊడి పక్కింటివాళ్ళ పులుసు గిన్నెలో పడిందట. పులుసు పోయినవాడు ఇంజనీరు. అంతే, గది ఒక్కింటికి మేకు ఒక్కటి, మేకు ఒక్కింటికి వస్తువు ఒక్కటి అని రూలు పుట్టింది. పులుసు తిన్నవాళ్ళూ తినాల్సినవాళ్ళూ అందరూ రిటైరైపోయినా రూలు మాత్రం సర్వీసులోనే ఉంది. ఏటా బిల్డింగుల సెక్షన్ వాళ్ళు వచ్చి మేకులు లెక్కపెట్టుకుని, కాఫీ తాగి మరీ వెళతారు.

త్రిమూర్తులి ఇంట్లో ఆ ఒక్క మేకు మీదా అతని తండ్రి వీర్రాజు గారి ఫొటో ఉంది.

వీర్రాజు గారిదీ ఈ శాఖే, ఈ క్వార్టరే. ఆయన పోయాక ఉద్యోగమూ ఇల్లూ కొడుక్కి వచ్చాయి, మేకు ఆయనకే ఉండిపోయింది. ఆయన భార్య మంగతాయారు రోజూ పొద్దున్నే స్నానం చేసి, ఫొటో ముందు అగరుబత్తి వెలిగించి, కుర్చీ లాక్కుని కూర్చుని కబుర్లు మొదలుపెడుతుంది.

"ఏవండోయ్, పాలవాడు ఇవాళ కూడా నీళ్ళే పోసేడు. మీరుంటే అడిగేవారా? అబ్బే. పేపరు అడ్డం పెట్టుకుని కూచునేవారు. మీ అబ్బాయికీ అదే బుద్ధి వచ్చింది."

వీర్రాజు గారు బతికున్నప్పుడూ బదులు చెప్పిన మనిషి కాదు గనక ఆవిడకి పెద్ద తేడా తెలియలేదు. ఆ కబుర్లు అయ్యాకే ఆవిడ కాఫీ తాగేది. ఆ కాఫీ తాగాకే ఇంట్లో మిగతావాళ్ళకి తెల్లారేది.

ఆ ఫొటో దింపాలని ఆవిడకి చెప్పడం ఎలాగో తెలియక త్రిమూర్తులు రెండు పూటలు ఇంట్లోనే దొంగలా తిరిగాడు. చివరికి భార్య నాగరత్నమే అత్తగారికి సంగతి చెప్పి, ఫొటోని జాగ్రత్తగా తుడిచి బీరువా పైన పెట్టింది.

"మనిషిని అటకెక్కించేవురా మూర్తులూ," అంది మంగతాయారు. ఆ పూట కాఫీ ముట్టుకోలేదు.

బీరువా వైపు మెడ ఎత్తి మాట్లాడితే ఆవిడకి కళ్ళు తిరుగుతాయి. అందువల్ల ఆ కబుర్లన్నీ త్రిమూర్తులి మీద పడ్డాయి. పాపం అతను ప్రతిదానికీ బదులు చెప్పబోయేవాడు. "నువ్వు మధ్యలో మాట్లాడితే నా మాట సాగదురా. మీ నాన్నగారు చూడు, ఒక్క ముక్క అనేవారు కాదు," అని ఆవిడ లేచిపోయేది. నాలుగు రోజులు తిరిగేసరికి మనిషి సగమైపోయింది. అన్నం కెలికి లేవడం, ఖాళీ గోడకేసి చూసి నిట్టూర్చడం. తల్లిని అలా చూస్తుంటే త్రిమూర్తులికి ముద్ద దిగడం లేదు. అలాగని సర్క్యులర్‌కి ఎదురుతిరిగే ధైర్యం అతని వంశంలో ఎవరికీ లేదు.

ఈలోగా స్టోర్సు నుంచి చట్రాలు కట్టిన బొమ్మలు గోనెసంచుల్లో వచ్చాయి. లాకు తలుపులకి రంగులేసే కాంట్రాక్టరు కుంచెలు తుడుచుకున్న అట్టలే అవన్నీ అని కాలనీలో ఒక పుకారు. ఇంటికొకటి పంచారు. వెనకే తనిఖీకి నైరూప్య చిత్రాల సమన్వయాధికారి పరాంకుశం గారు బయలుదేరారు. అంతకుముందు ఆయన గుర్రపుడెక్క నిర్మూలనాధికారి. ఆయన నిర్మూలించిన గుర్రపుడెక్క మీద నడుచుకుంటూ కొంగలు ఇప్పుడు అవతలి గట్టుకి వెళుతున్నాయి.

పరాంకుశం గారు వచ్చి, బొమ్మని జానతో కొలిచి, ఇంట్లో పెద్దావిణ్ణి పిలవమన్నారు.

"అమ్మగారూ, నిబంధనల ప్రకారం కుటుంబ సభ్యులలో ఒకరిని విచారించవలసియున్నది. ఈ చిత్రమునందు మీకు ఏమి గోచరించుచున్నది?"

మంగతాయారు కళ్ళజోడు సవరించుకుంది. "పెసరట్టు బాబూ. తిరగేసేటప్పుడు విరిగింది. పెనం కాలకుండా పోసేరు, అందుకే అలా అయింది. అదిగో, అల్లం ముక్క కూడా ఉంది."

పరాంకుశం గారు వంగి చూశారు. ఆయనకీ అల్లం ముక్క కనిపించింది. ఒకసారి కనిపించిన అల్లం ముక్క మళ్ళీ కనిపించకుండా ఎక్కడికి పోతుంది?

"సాదృశ్య దోషము," అని నిట్టూర్చి బొమ్మ దింపించి పట్టుకెళ్ళారు. ఆ మధ్యాహ్నం ఆయన హోటల్లో పెసరట్టు తింటూ కనిపించారని ఎవరో చూసినవాళ్ళు చెప్పారు.

మర్నాడు ఇంకో బొమ్మ వచ్చింది. నల్లగీతలు, ఎర్ర మచ్చ, మధ్యలో ఏదో గజిబిజి. త్రిమూర్తులు తల్లి పక్కన చేరి, "అమ్మా, ఏమీ లేదని చెప్పవే. నీకు దణ్ణం పెడతాను," అని బతిమాలుకున్నాడు.

"ఏమీ లేకపోతే లేదనే చెప్తాన్రా, నాకేం సరదానా?" అంది ఆవిడ. తీరా పరాంకుశం గారు వచ్చి అడిగేసరికి, "మా తోడికోడలు చంద్రమ్మ బాబూ. మొహం తిప్పుకుని కూచుంది. కందిపప్పు గొడవలో అచ్చం ఇలాగే కూచుంది," అంది.

"మొహము ఎక్కడ ఉన్నదమ్మా?"

"తిప్పుకుందని చెప్తున్నాను కదా."

రెండో బొమ్మా పోయింది.

ఒక్క వీళ్ళింట్లోనే కాదు, కాలనీ అంతా ఇదే గోల. ఒకరింట్లో దోమతెర కనిపించింది, ఇంకొకరింట్లో మామగారి గూని కనిపించింది. దాంతో జనం పొద్దున్నే గోడల ముందు వరసగా కూర్చుని ఏమీ కనిపించకుండా ఉండడం సాధన చేయడం మొదలుపెట్టారు. ఎదురింటి సోమలింగం గారికి వచ్చిన బొమ్మ అయితే ముక్కుతో సహా డైరెక్టరు గారిలాగే ఉంది. అలా ఉందని అనడానికి నోరెవరికి ఉంది? పరాంకుశం గారితో సహా అందరూ ఏకగ్రీవంగా అది దేన్నీ పోలి లేదని తీర్మానించారు. కాలనీలో మొట్టమొదట పాసైన బొమ్మ అదే.

సాధన మరీ ముదిరి జనమంతా, "ఏమీ లేదండి, ఏమీ లేదండి," అని అప్పజెప్పడం మొదలుపెట్టేసరికి హెడ్డాఫీసుకి మళ్ళీ చిరాకు పుట్టింది. రెండో సర్క్యులర్ దిగింది.

"ఏమియు కనిపించుట లేదని చెప్పబడిన చిత్రములు శూన్య చిత్రములుగా పరిగణింపబడి తిరస్కరింపబడును. ఉత్తమ నైరూప్య చిత్రమనగా, ఎంతకాలము చూచినను అర్థము కారాదు; అయినను చూడకుండ ఉండలేకపోవలెను."

"ఇదెక్కడి పీడరా నాయనా," అనుకుని త్రిమూర్తులు తలపట్టుకున్నాడు.

మూడో బొమ్మ గురువారం సాయంత్రం వచ్చింది. ఇది నిజంగానే దేనిలాగా లేదు. మంగతాయారు కూడా ఎటు నుంచి చూసినా ఏమీ తేల్చలేక, "ఏదో ఒకటి ఉంది గాని పోల్చుకోలేకపోతున్నాన్రా," అంది. త్రిమూర్తులికి ప్రాణం లేచొచ్చింది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాడు.

తెల్లారితే శుక్రవారం. శుక్రవారం నాడు ఇంట్లో చట్రం కట్టి తగిలించినదేదైనా సరే, తుడిచి పసుపు రాసి బొట్టు పెట్టడం మంగతాయారు అలవాటు. దేవుడి పటాలకి పెట్టింది. కేలండర్‌కి పెట్టింది. అదే చేత్తో ముందుగదిలోకి వచ్చి, కొత్తగా వచ్చింది కదా అని నైరూప్య చిత్రానికి నాలుగు మూలలా పసుపు రాసి, మధ్యలో రూపాయంత కుంకుమబొట్టు పెట్టి, పైన మందారప్పువ్వు గుచ్చింది.

పరాంకుశం గారు గుమ్మంలోకి వస్తూనే చెప్పులు విడిచి, రెండు చేతులూ జోడించి, కళ్ళు మూసుకున్నారు. పెదాలు కూడా కదిలాయి. సగం శ్లోకం అయ్యాక ఎవరికి దణ్ణం పెడుతున్నానా అని అనుమానం వచ్చి కళ్ళు తెరిచారు.

"ఏమిటండీ ఈ అపచారము? నైరూప్య చిత్రమునకు బొట్టా?"

"ఫ్రేము కట్టేక పెట్టకుండా ఎలా ఉంటాం బాబూ, శుక్రవారం పూట?" అంది మంగతాయారు.

"త్రిమూర్తులు గారూ, తక్షణమే దానిని తుడిచివేయవలసినదిగా ఆదేశిస్తున్నాను."

త్రిమూర్తులు ఒక అడుగు వెనక్కి వేశాడు. "నా వల్ల కాదండి. పటానికి పెట్టిన బొట్టు శుక్రవారం పూట చెరపమంటే ఎలాగండి? పిల్లలు గలవాణ్ణి. తవరే చెరిపేయండి."

పరాంకుశం గారు జేబురుమాలు తీశారు. చెయ్యి బొమ్మ దాకా వెళ్ళింది. ఆయనా పిల్లలు గలవాడే. చెయ్యి వెనక్కి వచ్చేసింది. "ఇది దేవాదాయ శాఖ పరిధిలోనిదై ఉండవచ్చును," అని గొణిగి, చెప్పులు చేత్తో పట్టుకుని నాలుగిళ్ళవతల తొడుక్కున్నారు.

ఈ కబురు కాలనీ అంతా పాకింది. పై శుక్రవారానికి ఇంటింటా బొమ్మలకి బొట్లు వెలిశాయి. పరాంకుశం గారు తనిఖీ అంతా ఉత్తకాళ్ళతో చేసుకున్నారు. ఒకరింట్లో చక్రపొంగలి పెడితే తినేసి ప్రసాదం బాగుందన్నారు కూడా.

బొట్టు పెట్టిన బొమ్మని మళ్ళీ ముందుగదిలో ఉంచడం బాగోదని నాగరత్నం దాన్ని దేవుడి మూలకి చేర్చింది. మేకు ఖాళీ అయింది. ఎవరూ చూడకుండా మంగతాయారు స్టూలెక్కి, బీరువా పైనున్న భర్తని దింపుకుని, పాత చోటే తగిలించుకుంది. ఆ పూట రెండు గ్లాసుల కాఫీ తాగింది.

కథ ఇక్కడితో కంచికి వెళితే ఎంత బాగుండును. బొట్ల గొడవ హెడ్డాఫీసు దాకా వెళ్ళింది. డైరెక్టరు గారు స్వయంగా వస్తున్నారన్నారు. బొట్టు పడ్డ బొమ్మ చెల్లదట; ఆయన వచ్చేసరికి ముందుగదిలో యోగ్యమైన చిత్రం లేని ఉద్యోగి క్వార్టరు రద్దు, చివరి తూము దగ్గరున్న క్వార్టరుకి మార్పు. ఆ చివరి తూము క్వార్టర్లో ఇంతకుముందున్నాయన తేళ్ళతో చుట్టరికం కలుపుకుని బతికాడని ప్రతీతి. స్టోర్సులో బొమ్మలు అయిపోయాయి. కాంట్రాక్టరు దగ్గర అట్టలూ అయిపోయాయి.

త్రిమూర్తులు తల్లి కాళ్ళ దగ్గర కూర్చున్నాడు. "అమ్మా, నాన్నగారి ఫొటో గోడ మీద కనిపించిందంటే రూపం గల బొమ్మ అంటారు. ఇల్లు పోతుంది. నువ్వు కాపురానికొచ్చిన ఇల్లే ఇది. నన్నేం చెయ్యమంటావ్?"

"ఇల్లు పోతే పోయింది. ఎక్కడికెళ్ళినా గోడ ఉంటుంది, గోడకో మేకూ ఉంటుంది," అంది మంగతాయారు. "ఆయన్ని మాత్రం మళ్ళీ దింపితే నేను ఊరుకోన్రా మూర్తులూ. ఆ రోజులన్నీ ఎలా వెళ్ళేయో నాకు తెలుసు."

అది విన్నాక త్రిమూర్తులు మళ్ళీ ఆ ఊసెత్తలేదు. తేళ్ళకి ఏ మందు పనిచేస్తుందో కనుక్కోవడం మొదలుపెట్టాడు.

డైరెక్టరు గారు రానే వచ్చారు. వెనక పరాంకుశం గారు, ఆయన వెనక ఆఫీసు ఆఫీసంతా. వీధి మలుపులో జీపు ఆగడం చూసి నాగరత్నం ఒక్క అంగలో వచ్చి ఫొటోకున్న గంధపుచెక్కల దండ తీసి కొంగులో దాచేసింది. ఎందుకు తీసిందో ఆవిడకే తెలియదు. కంగారులో చేతికి అందిన పని చేసింది.

డైరెక్టరు గారు ముందుగదిలోకి వచ్చి గోడకేసి చూశారు. చూసి అక్కడే నిలబడిపోయారు.

త్రిమూర్తులు కూడా చూశాడు. రోజూ దాని ముందు నుంచే ఆఫీసుకి వెళుతున్నా అతను ఆ ఫొటోని తేరిపార చూసి చాలాకాలమైంది. ఏళ్ళ తరబడి అగరుబత్తి పొగ, అద్దంలోకి దిగిన వానాకాలపు చెమ్మ, చట్రం సందుల్లోంచి జారిన కుంకుమ. అన్నీ కలిసి వీర్రాజు గారిని మింగేశాయి. బూడిదరంగు మబ్బు, దాని కింద ఏటవాలుగా ఒక గీత, ఓ పక్క ఎర్రటి చార. అంతే మిగిలింది. తండ్రి ముక్కు ఎక్కడుండాలో అతనికి తెలియలేదు. మరి అమ్మ రోజూ ఎవరి మొహం చూసి మాట్లాడుతోంది?

"అద్భుతం," అన్నారు డైరెక్టరు గారు మెల్లగా. "పరాంకుశం గారూ, ఆ బూడిదరంగు చూశారా? అది రంగు కాదు, నిరాకరణ. ఆ గీత ఉంది చూశారూ, అది ఎక్కడికో వెళదామని బయలుదేరి, ఎందుకులే అని మానుకుంది. విదేశాల్లో కూడా ఇంతటి మౌనం నేను చూడలేదు. ఎవరు వేశారండీ ఇది?"

నాగరత్నం తలుపు చాటు నుంచి, "ఇంట్లోదేనండి. చాలా పాతది," అంది.

పరాంకుశం గారు జానతో కొలిచారు. సరిపోయింది. కిందనున్న అగరుబత్తి స్టాండు ఆయన కంట పడింది. ఏదో అనబోయి, డైరెక్టరు గారి మొహం చూసి, నోరు మూసుకున్నారు. అయినా రూలు రూలే కదా. "అమ్మగారూ, విచారణ జరుపవలసియున్నది. ఈ చిత్రమునందు మీకు ఏమి గోచరించుచున్నది?"

అయిపోయింది అనుకున్నాడు త్రిమూర్తులు. పెసరట్టులో అల్లం ముక్క కనిపెట్టిన మనిషికి సొంత మొగుడు కనిపించడా? మా ఆయన బాబూ అని ఒక్క మాట అందంటే చాలు, ఫొటో కిందికి, సామాన్లు చివరి తూముకి.

మంగతాయారు ఫొటో ముందుకి వచ్చింది. కళ్ళజోడు సవరించుకుని ఎగాదిగా చూసింది.

"ఏం చెప్పమంటారు బాబూ," అంది చివరికి. "పదహారో ఏట నుంచీ చూస్తున్నాను. ఇవాళైనా అర్థమవుతుందేమోనని రోజూ పొద్దున్నే లేచి చూస్తాను. ఒక్కనాడు అర్థమైతే ఒట్టు."

డైరెక్టరు గారు కళ్ళజోడు తీశారు. "పదహారో ఏట నుంచా? మరి విసుగు రాలేదామ్మా?"

"రాకేం, బోలెడు వచ్చింది. గోడకేసి కొట్టాలనిపించిన రోజులూ ఉన్నాయి." ఆవిడ కొంగుతో అద్దం మీద దుమ్ము తుడిచింది. "అయినా చూడకపోతే నాకు పొద్దు గడవదు బాబూ. ముద్ద దిగదు."

డైరెక్టరు గారి కళ్ళు చెమర్చాయి.

"విన్నారా పరాంకుశం గారూ? మన సర్క్యులర్‌లో ఏం రాశామో అక్షరం పొల్లుపోకుండా అదే అన్నారు ఈవిడ. అర్థం కారాదు, చూడకుండా ఉండలేకపోవాలి. రాసుకోండి. ఈ చిత్రాన్ని శాఖ ఉన్నంతకాలం ఈ మేకు మీద నుంచి ఎవరూ కదపడానికి వీల్లేదు. బిల్డింగుల సెక్షన్‌తో సహా."

"తమరి ఆదేశము శిరోధార్యము," అని పరాంకుశం గారు అక్కడే గోడకి కాగితం ఆనించి ఆర్డరు రాశారు. డైరెక్టరు గారు సంతకం పెట్టి, ముద్ర వేయించి, వెళ్ళేముందు ఫొటోకి మరోసారి తలవంచారు.

జీపు వెళ్ళిపోయింది. నాగరత్నం కొంగులోంచి దండ తీసి ఇస్తే మంగతాయారు దాన్ని చట్రానికి వేసి, అగరుబత్తి వెలిగించి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఏవండోయ్, విన్నారా? ఈ మనిషి నాకు అర్థం కావడం లేదే అని మా అమ్మతో మొత్తుకున్నాను, మీ అమ్మతో మొత్తుకున్నాను. నాకే తెలివితక్కువన్నారు అందరూ. ఇవాళ గవర్నమెంటు గవర్నమెంటంతా ఇంటికొచ్చి, ముద్దరేసి మరీ ఒప్పుకున్నారు, మీరు ఎవరికీ అర్థం కారని."

ఆవిడ కళ్ళు తుడుచుకుని కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుంది.

"సర్లెండి, ఆర్డరయింది కదా. ఇంక నన్నొదిలి ఎక్కడికీ వెళ్ళడానికి వీల్లేదు. కూచుని వినండి, ఇవాళ పాలవాడు ఏం చేసేడో."